కూలిన యంత్రం మరణ వాంగ్మూలం

ఒక కళాశాల పరీక్షా ఫలితాలను చూపే సర్వరు ఒకటి ఉందనుకుందాం. దానికి సొంత పెట్టె లేదు. ఒక పెద్ద కంప్యూటరులో మరో నాలుగింటితో పాటు నడిచే వర్చువల్ మెషీన్ అది. నెలకు రెండు మూడుసార్లు, ఎప్పుడని ముందుగా చెప్పలేని రాత్రి, అది ఆగిపోతోంది. ఒకసారి మూడు రోజులకే ఆగింది. మరోసారి పదకొండు రోజులు నిక్షేపంగా నడిచి ఆగింది. ఉదయాన్నే బాధ్యుడు వచ్చి దాన్ని మళ్లీ నడిపించి, లాగ్ తెరిచి చూస్తాడు. చివరి పంక్తి రాత్రి 2 గంటల 11 నిమిషాలది. రోజూ ఆ వేళకు జరిగే చిన్న పనొకటి మొదలైందని అందులో ఉంది. దాని కింది పంక్తి ఉదయం బూట్ అయినప్పటిది. మధ్యలో హెచ్చరిక లేదు, ఫిర్యాదు లేదు, ఒక్క అక్షరం లేదు.

ఆ ఖాళీని చూసినవారు సాధారణంగా రెండు పొరపాట్లలో ఒకటి చేస్తారు. 2:11కు మొదలైన ఆ చిన్న పనినే దోషిగా పట్టుకుని వారాల తరబడి దాని వెంట తిరుగుతారు. లేదంటే యంత్రం దానంతట అదే ఆగిపోయిందని వదిలేస్తారు. నిజానికి చివరి క్షణాల్లో యంత్రం చాలా చెప్పి ఉండవచ్చు. చెప్పిన మాట డిస్కు దాకా చేరి ఉండకపోవచ్చు.

లైనక్స్‌లో ఒక ప్రోగ్రాము ఫైలులో పంక్తి రాస్తే అది వెంటనే డిస్కు మీదికి పోదు. మొదట మెమరీలోని ఒక పేజీలో పడుతుంది. మామూలు సెట్టింగుల్లో, వ్యవస్థకు గుండెకాయ లాంటి కెర్నల్ 5 సెకన్లకోసారి మేలుకొని, 30 సెకన్లకు మించి నిలవున్న పేజీలను డిస్కుకు పంపుతుంది. ప్రతి ఉత్తరానికీ ఒక బండి కట్టకుండా తపాలా సంచీ నిండే దాకా ఆగినట్టే ఇదీ ఒక పొదుపు. లాగ్‌లు రాసే జర్నల్‌డి అనే సేవ తీరు ఇంకా తాపీగా ఉంటుంది. అతి తీవ్రమైన స్థాయి సందేశం వస్తే తప్ప, తాను రాసినది డిస్కుకు చేరిందని 5 నిమిషాలకోసారే రూఢి చేసుకుంటుంది. దానికి శాశ్వత నిల్వ కోసం ఒక డైరెక్టరీ ఉండాలి. నిల్వ సెట్టింగు "ఆటో"గా ఉండి ఆ డైరెక్టరీ లేకపోతే లాగ్ మొత్తం మెమరీలోనే ఉంటుంది. రీస్టార్ట్ చేయగానే మాయమవుతుంది. కాబట్టి ఇలాంటి కేసులో మొట్టమొదట చూడవలసింది ఆ డైరెక్టరీ ఉందా లేదా అన్నదే.

ఇవన్నీ సరిచేసినా అసలు చిక్కు తీరదు. కెర్నల్‌లోనే దిద్దుకోలేని తప్పు జరిగితే అది పానిక్ స్థితికి వెళ్తుంది. ఆ స్థితిలో ఏ ప్రోగ్రాముకూ వంతు రాదు, జర్నల్‌డికి కూడా రాదు. చావు కబురు రాయవలసిన గుమాస్తా ఆ చావులోనే పోతాడు. డిస్కుకు రాసే డ్రైవరు కూడా అప్పటికి నమ్మదగింది కాదు. పాడైన కెర్నల్ డిస్కు మీద చేయి వేస్తే ఉన్న డేటా కూడా పాడవవచ్చు. అందుకే అది రాయకుండా ఆగిపోవడమే ఒక విధంగా మేలు.

మన న్యాయవ్యవస్థకు ఇలాంటి సమస్య ఎప్పటినుంచో తెలుసు. 1872 నాటి సాక్ష్య చట్టం 32వ సెక్షన్ మరణ వాంగ్మూలాన్ని సాక్ష్యంగా అంగీకరించింది. ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో అదే విషయం 26వ సెక్షన్‌లో ఉంది. ఆచరణలో ఆ వాంగ్మూలాన్ని మరణిస్తున్న మనిషి రాయడు. పక్కన నిలబడిన మెజిస్ట్రేటో, వైద్యుడో విని రాస్తాడు. కూలిపోయే యంత్రానికీ అలా వినేవాడు కావాలి. ఆ వినేవాడు యంత్రం లోపల ఉండకూడదు, చావు జరగకముందే అక్కడికి వచ్చి ఉండాలి. చెప్పదలచుకున్నదంతా దాదాపు ఈ ఒక్క మాటే.

వర్చువల్ మెషీన్‌కు ఇందులో ఒక గొప్ప అదృష్టం ఉంది. దానికి ఒక "బయట" ఉంది. ఒకే కంప్యూటరులో అనేక ఊహా కంప్యూటర్లను నడిపే ఆలోచన 1960లలో ఐబీఎం పరిశోధకులది; 1972లో వీఎం/370 పేరుతో అది మార్కెట్లోకి వచ్చింది. లైనక్స్ కెర్నల్‌లో ఆ శక్తి కేవీఎం పేరుతో 2007 ఫిబ్రవరిలో, 2.6.20 వెర్షన్‌తో చేరింది. లోపలి యంత్రాన్ని గెస్ట్ అనీ, దాన్ని మోసే కంప్యూటరును హోస్ట్ అనీ అంటారు. గెస్ట్‌కు తన మెమరీ, తన డిస్కే లోకమంతా. హోస్ట్ కంటికి మాత్రం ఆ లోకమంతా కలిపి ఒక్క ప్రాసెస్. సాధారణంగా దాని పేరు క్యూఎమ్యూ. గెస్ట్ పోయినా హోస్ట్ బతికే ఉంటుంది, విడి కంప్యూటరుకు లేని సౌకర్యమిది. మనం దాన్ని ఎంత తక్కువగా వాడుకుంటున్నామో తలచుకుంటే బాధ కలుగుతుంది.

బయట కూర్చుని వినేవారిలో అతి పాతదీ, నా దృష్టిలో అతి నమ్మకమైనదీ సీరియల్ పోర్ట్. ఒకప్పుడు కంప్యూటర్ల వెనుక మోడెమ్ తగిలించేందుకు ఉండిన పోర్టే. గెస్ట్‌కు ఊహా సీరియల్ పోర్టు ఒకటి ఇచ్చి, దాని రెండో కొసను హోస్ట్‌లోని ఒక ఫైలుకు కలపవచ్చు. గెస్ట్ కెర్నల్ బూట్ ఆదేశంలో కన్సోల్‌గా ఆ పోర్టును, వేగంగా 115200ను పేర్కొంటే చాలు. కెర్నల్ మాటలు అటు కూడా వినిపిస్తాయి. పానిక్‌లో డిస్కు చేయలేని పని దీనికి ఎలా సాధ్యం? డిస్కుకు రాయాలంటే ఫైల్ సిస్టమ్ కావాలి, డ్రైవరు కావాలి, ఇంటరప్టులు కావాలి, పని పూర్తయ్యే దాకా వేచి ఉండే షెడ్యూలరు కావాలి. సీరియల్ పోర్టుకు ఇవేవీ అక్కర్లేదు. ప్రాసెసరు ఒక్క బైటును 0ఎక్స్3ఎఫ్8 అనే చిరునామాకు పంపుతుంది. పంపిన క్షణంలోనే ప్రాసెసరు గెస్ట్‌ను ఆపి హోస్ట్‌కు అధికారం ఇస్తుంది. హోస్ట్ ఆ బైటును తన ఫైలులో వేసుకుంటుంది. అక్షరం పలికిన వెంటనే ఇల్లు దాటిపోతుంది. మరుక్షణం గెస్ట్ కూలినా ఆ అక్షరానికి ప్రమాదం లేదు. ప్రాణం పోయే ముందు ఏ ఫంక్షన్ ఏ ఫంక్షన్‌ను పిలిచిందో చూపే జాబితా ఇలా అక్షరం అక్షరంగా బయటపడుతుంది. ఒక్క జాగ్రత్త తీసుకోవాలి. చాలా వ్యవస్థల్లో బూట్ ఆదేశంలో "క్వయట్" అనే మాట ఉంటుంది, కన్సోల్‌కు వెళ్లే సందేశాలను అది తగ్గించేస్తుంది. వాంగ్మూలం కావాలనుకునేవారు దాన్ని తీసేయాలి.

ఆ ఫైలు హోస్ట్ డిస్కు మీదే ఉంటుంది గనుక హోస్ట్ కూడా పోతే డిస్కుకు ఇంకా చేరని భాగం పోతుంది. అలాంటి అనుమానం ఉన్నచోట నెట్‌కన్సోల్ వాడాలి. కెర్నల్ సందేశాలను యూడీపీ ప్యాకెట్లుగా మరో కంప్యూటరుకు నేరుగా పంపే ఏర్పాటు అది. అందిందో లేదో చూసుకోదు, విసిరేస్తుంది. నెట్‌వర్క్ డ్రైవరే దోషి అయితే మాత్రం అది మూగబోతుంది.

ఇక్కడ జిమ్ గ్రే ప్రస్తావన తేవాలి. టాండెమ్ కంప్యూటర్స్‌లో పనిచేస్తూ 1985లో ఆయన కంప్యూటర్లు ఎందుకు ఆగిపోతాయనే ప్రశ్న మీద ఒక నివేదిక రాశారు. సాఫ్ట్‌వేర్ దోషాలను ఆయన రెండు జాతులుగా చూశారు. ఒకటి ఎప్పుడు నడిపినా అదే చోట పట్టుబడే గట్టి దోషం. నీల్స్ బోర్ పరమాణువులా దానికి స్థిరమైన రూపం ఉంటుంది కాబట్టి బోర్‌బగ్. రెండోది చూడబోతే మాయమయ్యేది, హైసెన్‌బర్గ్ పేరుమీద హైసెన్‌బగ్. మెకానిక్ దగ్గరికి తీసుకువెళ్లగానే బుద్ధిగా నడిచే మోటారు సైకిల్ ఉన్న వారెవరికైనా ఈ రెండో జాతి పరిచయమే. తాము పరిశీలించిన 132 సాఫ్ట్‌వేర్ వైఫల్యాల్లో ఒక్కటి మాత్రమే బోర్‌బగ్ అని గ్రే రాశారు. తక్కినవన్నీ మళ్లీ నడిపితే కనిపించకుండా పోయే జాతివే. అందుకే వాటికి ఆయన చెప్పిన మందు మళ్లీ మొదలుపెట్టడం, నేటికీ ప్రపంచమంతా పాటిస్తున్న మందు. 2007 జనవరిలో శాన్ ఫ్రాన్సిస్కో తీరం నుంచి తన పడవలో ఒంటరిగా బయలుదేరిన గ్రే తిరిగి రాలేదు. ఎంత వెతికినా పడవ జాడ గానీ, చివరి సంకేతం గానీ దొరకలేదు. ఆయన నివేదిక చదివినప్పుడల్లా ఆ సంగతి గుర్తుకొస్తుంది.

గ్రే వర్గీకరణ మన పనికి ఒక హెచ్చరిక కూడా. రెండు పనులు ఒకదాన్నొకటి ఏ క్రమంలో దాటుకుంటాయన్న దాని మీద ఆధారపడిన దోషమైతే, లాగ్ రాయడమే ఆ క్రమాన్ని మార్చేస్తుంది. సీరియల్ పోర్టు నమ్మకమైనదే కానీ మెల్లనిది. ప్రతి అక్షరానికీ గెస్ట్ ఒకసారి ఆగి లేవాలి. లాగ్ స్థాయిని అమాంతం పెంచేసి, నెల రోజులు యంత్రం కూలకపోతే బాగుపడిందని సంబరపడి, స్థాయి తగ్గించిన వారానికే మళ్లీ కూలితే ఆశ్చర్యపోనక్కర్లేదు. అందువల్ల నేను మాటలు ఎక్కువ రాయించే పద్ధతి కన్నా, మామూలుగా మౌనంగా ఉండి చావు క్షణంలో మాత్రమే మేలుకొనే పద్ధతినే ఇష్టపడతాను.

ఆ రెండో రకం పద్ధతుల్లో పేరున్నది కేడంప్. గెస్ట్ మెమరీలో కొంత భాగాన్ని ముందుగానే పక్కన పెట్టి, అందులో మరో చిన్న కెర్నల్‌ను నిద్రపుచ్చి ఉంచుతారు. పెద్ద కెర్నల్ పానిక్ కాగానే నియంత్రణ నేరుగా ఆ చిన్నదానికి దూకుతుంది. మధ్యలో బయోస్ ప్రమేయం లేదు కాబట్టి మెమరీ చెరిగిపోదు. చిన్న కెర్నల్ తాజాగా లేచినది, దాని డ్రైవర్లు ఆరోగ్యంగా ఉంటాయి. అది చనిపోయిన అన్న మెమరీని పేజీ పేజీగా చదివి డిస్కు మీద భద్రం చేస్తుంది. 2005లో ఒట్టావా లైనక్స్ సమావేశంలో ఈ రూపకల్పనను వివరించిన పత్రం రాసినవారు వివేక్ గోయల్, ఎరిక్ బీడర్‌మన్, హరిప్రసాద్ నెల్లితీర్థ. ఆ ఏడాదే 2.6.13 కెర్నల్‌తో అది అందరికీ వచ్చింది. ఉచ్చు పన్నినవారు దాన్ని ముందే పరీక్షించుకోవాలి. పని తక్కువున్న వేళ చూసుకుని, ముందుగా అందరికీ చెప్పి, కెర్నల్‌ను కావాలని పానిక్ చేయించి డంప్ వచ్చిందో లేదో చూడాలి. పరీక్షించని కేడంప్ ఉన్నా లేనట్టే.

హోస్ట్ వైపు నుంచి కూడా ఇదే పని చేయించవచ్చు. పీవీపానిక్ అని ఒక బుల్లి ఊహా పరికరం ఉంది. దాని పనల్లా గెస్ట్ పానిక్ అయినప్పుడు ఒక బైటు అందుకోవడం, "నేను పోతున్నాను" అన్నట్టు. అది అందగానే గెస్ట్ మెమరీ మొత్తాన్ని ఫైలుగా దాచి ఆ తరువాతే రీస్టార్ట్ చేయమని, గెస్ట్‌లను నిర్వహించే లిబ్‌వర్ట్‌కు ముందే చెప్పి ఉంచవచ్చు. ఇక్కడొక మెలిక ఉంది. కేడంప్ సిద్ధంగా ఉన్న గెస్ట్‌లో మామూలు సెట్టింగుతో పానిక్ జరిగితే నియంత్రణ ముందు చిన్న కెర్నల్‌కే పోతుంది. పీవీపానిక్‌కు కబురు అందదు. రెండూ పెట్టుకున్నాం కదా అని నిశ్చింతగా ఉన్నవారికి హోస్ట్ వైపు ఏమీ దొరక్కపోవడానికి కారణం ఇదే. ఏది ముందన్నది మనమే నిర్ణయించాలి.

విండోస్ గెస్ట్‌లలో నీలి తెర పడినప్పుడు మెమరీ చిత్రం పేజ్ ఫైలులోకి వెళ్లి, తరువాతి బూట్‌లో డంప్ ఫైలుగా మారుతుంది. పేజ్ ఫైలు చాలినంత లేకపోతే ఆ డంప్ రాకపోవచ్చు. వర్చువల్‌బాక్స్ వాడేవారు ఇంకొకటి గమనించాలి. అది ఒక్కో యంత్రానికీ ప్రస్తుత లాగ్‌తో పాటు గత మూడింటినే ఉంచుతుంది. కూలిన తరువాత ఆత్రంగా నాలుగుసార్లు ఆన్ చేస్తే సాక్ష్యం చెరిగిపోయినట్టే.

అన్ని యంత్రాలూ చనిపోవు, కొన్ని కోమాలోకి వెళ్తాయి. తెర మీద కర్సరు నిలిచిపోతుంది, నెట్‌వర్క్ పలకదు. అయినా హోస్ట్ లెక్కలో గెస్ట్ "నడుస్తూనే" ఉంటుంది. ఒక ప్రాసెసరు కెర్నల్ పనిలోనే చిక్కుకుని 20 సెకన్లు దాటినా ఇతర పనులకు వంతు ఇవ్వకపోతే లైనక్స్ గుర్తించి చెబుతుంది. ఏదైనా పని 120 సెకన్లు కదలకుండా ఉన్నా చెబుతుంది. ఇంటరప్టులు కూడా మూసుకుపోయిన గాఢమైన బిగుసుకుపోవడాన్ని పట్టే సాధనం మాత్రం కేవీఎం గెస్ట్‌లలో మామూలుగా ఆపివేసి ఉంటుంది. అలాంటప్పుడు హోస్టే తలుపు తట్టాలి. గెస్ట్‌కు ఎన్‌ఎంఐ అనే, తోసిపుచ్చడానికి వీల్లేని ఇంటరప్టును పంపాలి. అలాంటిది వస్తే పానిక్ కావాలని గెస్ట్‌కు ముందే చెప్పి ఉంటే, కోమా మరణంగా మారి వాంగ్మూలం బయటపడుతుంది. రాత్రి రెండింటికి తలుపు తట్టేందుకు మనిషి లేనిచోట వాచ్‌డాగ్ పరికరం ఆ పని చేస్తుంది. గెస్ట్ నుంచి క్రమంగా రావలసిన సంకేతం ఆగిపోతే డంప్ తీయమని దాన్ని నియమించవచ్చు.

డంప్ గురించి మరొక్క మాట, ఇది సాంకేతికం కాదు. అందులో మెమరీ ఉన్నదున్నట్టు ఉంటుంది. పాస్‌వర్డులు, తాళపు సంకేతాలు, ఆ క్షణంలో ఫలితాలు చూస్తున్న విద్యార్థుల వివరాలు, అన్నీ. డిస్కును ఎంత గట్టిగా ఎన్‌క్రిప్ట్ చేసినా దాన్ని తెరిచే తాళం మెమరీలోనే ఉంటుంది. పేజీలను వడగట్టే సాధనంతో ఖాళీ పేజీలను, కాష్‌ను, వినియోగదారుల ప్రోగ్రాముల పేజీలను వదిలేసి కెర్నల్ భాగాన్నే ఉంచుకోవచ్చు; పరిమాణమూ తగ్గుతుంది, ప్రమాదమూ తగ్గుతుంది. మిగిలినదాన్ని ప్రశ్నపత్రాల కట్టకు వేసినంత గట్టి తాళంలో ఉంచాలి. ఎవరికైనా సాయం కోసం పంపే ముందు పదిసార్లు ఆలోచించాలి.

ఇంతకన్నా మెరుగైన కల ఒకటి ఉంది. 2002లో మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు రివర్ట్ అనే వ్యవస్థను చూపించారు. గెస్ట్ చేసే ప్రతి పనినీ రాసుకోనక్కర్లేదు, బయటి నుంచి వచ్చినవి రాసుకుంటే చాలునన్నది వారి సూక్ష్మదృష్టి: ఏ ఇంటరప్టు సరిగ్గా ఏ ఆదేశం దగ్గర వచ్చింది, ఏ ప్యాకెట్ ఏమి తెచ్చింది. తక్కినదంతా యంత్రం మళ్లీ అదే క్రమంలో తప్పక చేస్తుంది. అలా రాసుకున్న లాగ్‌తో చనిపోయిన యంత్రాన్ని మళ్లీ బతికించి, ఆదేశం ఆదేశంగా మరణం దాకా నడిపించవచ్చు. తమ ప్రయోగాల్లోని పనిభారాలకు నెలల లాగ్ ఒకే డిస్కులో పడుతుందని వారు చూపారు. హైసెన్‌బగ్‌కు పారిపోయే దారి ఉండదు. కానీ ఆ లెక్క ఒకే ప్రాసెసరు ఉన్న గెస్ట్‌కు సులువు. అనేక ప్రాసెసర్లు ఒకే మెమరీని ఒకేసారి తాకుతుంటే ఎవరు ముందు తాకారో కూడా రాసుకోవాలి, ఆ భారం మోయడం చాలా కష్టం. వీఎంవేర్ తన వర్క్‌స్టేషన్‌లో ఇలాంటి సౌకర్యాన్ని కొన్నాళ్లు ఇచ్చి తరువాత తీసేసింది. ఆ దారి మూసుకుపోయిందని నేను నమ్మను. ఇంతటి పని మళ్లీ పూర్తిగా అందుబాటులోకి రావాలని మనసారా కోరుకుంటాను.

ఇక మన కళాశాల సర్వరు దగ్గరికి వద్దాం. సీరియల్ పోర్టును ఫైలుకు కలిపారు, వాచ్‌డాగ్ పెట్టారు, కేడంప్ పరీక్షించారు. తొమ్మిదో రాత్రి అది మళ్లీ ఆగింది. ఉదయం చూస్తే సీరియల్ ఫైలులో బూట్ నాటి మాటలు తప్ప ఏమీ లేదు. డంప్ లేదు. వాచ్‌డాగ్ మొరగలేదు.

మొదటి రోజు చూసిన ఖాళీకీ ఈ ఖాళీకీ ఎంతో తేడా ఉంది. కెర్నల్ పానిక్ అయి ఉంటే సీరియల్ పోర్టులో పలికేది. బిగుసుకుపోయి ఉంటే వాచ్‌డాగ్ పట్టేది. లోపల పన్నిన ఉచ్చులన్నీ ఖాళీగా ఉన్నాయంటే, చంపిన చేయి బయటిదని అనుమానించాలి. హోస్ట్‌లో ఆ గెస్ట్‌కు సంబంధించిన క్యూఎమ్యూ లాగ్ తెరిస్తే చివరి పంక్తిలో ఆగడానికి కారణం "క్రాష్డ్" అని ఉంది. దానిపైన ఏ సిగ్నల్‌తో ఆగిందన్న మాట లేదు. ఎవరైనా 15వ సిగ్నల్‌తో మర్యాదగా ఆపి ఉంటే క్యూఎమ్యూ దాన్ని అందుకుని, ఫలానా ప్రాసెస్ ఆపమన్నదని రాసి ఉండేది. 9వ సిగ్నల్‌ను ఏ ప్రాసెస్ కూడా అందుకోలేదు, అది వచ్చాక మాట్లాడే వ్యవధి ఉండదు.

తరువాత హోస్ట్ కెర్నల్ లాగ్‌ను ఆ వేళకు జరిపి చూడాలి. వేళలు పోల్చాలంటే రెండు గడియారాలూ ఒకటే చెప్పాలి. కెర్నల్ తన సందేశాలకు బూట్ అయినప్పటి నుంచి గడిచిన సెకన్లనే ముద్రిస్తుంది. కొన్ని సర్వర్లు అంతర్జాతీయ కాలమానంలో, కొన్ని మన కాలమానంలో ఉండి ఐదున్నర గంటల తేడా చూపుతాయి. 2022 ఏప్రిల్ 28న దేశ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాలు గడియారాలను ఎన్‌ఐసీ లేదా జాతీయ భౌతిక ప్రయోగశాల కాలంతో సరిచూసుకోవాలనీ, లాగ్‌లను 180 రోజులు ఉంచాలనీ చెప్పడం వెనుక ఉన్న అవసరం ఇలాంటి ఉదయాన తెలుస్తుంది.

హోస్ట్ లాగ్‌లో 2 గంటల 14 నిమిషాల 37 సెకన్ల దగ్గర ఆ పంక్తి ఉంది. మెమరీ అయిపోయింది, ఫలానా క్యూఎమ్యూ ప్రాసెస్‌ను చంపాను అని.

హోస్ట్‌లో ఉన్నది 64 గిగాబైట్లు. ఐదు గెస్ట్‌లకు 16 చొప్పున రాసిచ్చినది 80. ఇలా ఇవ్వడం ఎలా కుదిరిందంటే, గెస్ట్ ఒక పేజీని మొదటిసారి తాకే దాకా హోస్ట్ దానికి అసలు మెమరీ కేటాయించదు. మొదటి రోజుల్లో అందరికీ సరిపోయింది. గెస్ట్‌లు ఫైళ్లు చదివేకొద్దీ వాటి కాష్‌లు పెరిగాయి. ఒకసారి తీసుకున్న పేజీని గెస్ట్ తనంతట తాను తిరిగివ్వదు. రోజురోజుకూ నీరు అంచుకు వస్తోంది. పక్క గెస్ట్‌లో రాత్రి బ్యాకప్ నడిచిన ఏదో ఒక వేళ అది కట్ట దాటుతుంది. అప్పుడు హోస్ట్ కెర్నల్ అన్నిటికన్నా ఎక్కువ మెమరీ పట్టుకున్న ప్రాసెస్‌ను వెతికి చంపుతుంది. అందరికన్నా ఎక్కువ ఫైళ్లు చదివేది ఫలితాల సర్వరే. మూడు రోజులు, పదకొండు రోజులు, తొమ్మిది రోజులు అన్న తేడా లోపలివారికి అర్థం కాని యాదృచ్ఛికత. బయట నిలబడి చూస్తే అది కూడిక.

ఐదింటికీ 11 గిగాబైట్ల చొప్పున తగ్గించి, తొమ్మిది హోస్ట్‌కు వదిలారు. సీరియల్ పోర్టును మాత్రం ఫైలు నుంచి విడదీయలేదు.